ఇంగ్లండ్‌లోని హిస్టన్‌లో కొత్తగా ఇల్లు తీసుకున్న మా చిట్టికి

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అల్లుడికీ, బుజ్జిగాడికీ కూడా.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగింది ఒకటి, అడగకుండా మింగేసింది ఇంకొకటి. అడిగింది బుజ్జిగాడి ప్రాజెక్టు గురించి. ఊరి చరిత్ర రాసుకురమ్మన్నారట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావు. అడగనిది నీ గొంతులో వినిపించింది. ఈ ఊళ్లో ఎవరూ పలకరించరు, కాస్త ఖర్చయినా కేంబ్రిడ్జ్‌లోనే ఇల్లు తీసుకోవాల్సింది అని. రెండింటికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను. ఊరి కథ తెలుసుకునే పని మీద వాణ్ణి వెంటబెట్టుకుని బయటికి వెళ్లు. ఆ పనిలో మనుషులు వాళ్లంతట వాళ్లే తగులుతారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ ఊళ్లోనే ఉన్నాను. నాకు అక్కడ స్నేహాలు కుదిరింది ఈ దారిలోనే.

ముందు ప్రాజెక్టు గురించి టెన్షన్ పెట్టుకోకు. ఇంగ్లండ్ ప్రైమరీ స్కూళ్లలో ఏడు నుంచి పదకొండేళ్ల లోపు పిల్లలకి తాము ఉండే చోటి చరిత్ర తప్పనిసరి పాఠం. రాజుల పేర్లు కంఠతా పట్టించడం దాని ఉద్దేశం కాదు. చుట్టూ ఉన్నవాటిని చూసి ప్రశ్నలు వేయడం నేర్పాలని. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికింది కాపీ కొట్టి పంపకండి. టీచర్లకి అది చూడగానే తెలిసిపోతుంది. ఒక్క ప్రశ్న పట్టుకోమను. నన్నడిగితే ఆ ప్రశ్న ఇది: "మా ఊరికీ కేంబ్రిడ్జ్‌కీ మధ్య దారి మీద ఏ కాలంలో ఏం నడిచింది?"

ఎందుకంటే మీ హిస్టన్, దాన్ని ఆనుకుని ఉన్న ఇంపింగ్టన్ కథంతా ఆ దారి మీదే ఉంది. కేంబ్రిడ్జ్‌కి ఉత్తరాన ఓ ఐదు కిలోమీటర్లు. పెద్ద టౌన్ పక్కనున్న పల్లె ఎప్పుడూ ఆ టౌన్‌తో ఏదో ఒక బేరంలో ఉంటుంది. సరుకు అమ్ముతుంది, పని వెతుక్కుంటుంది, పిల్లల్ని పోగొట్టుకుంటుంది, కొత్తవాళ్లని తెచ్చుకుంటుంది. నువ్వు అలా వచ్చిన కొత్తవాళ్లలో ఒకదానివి. నీకంటే ముందు అలా వచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిస్తే నీకే ధైర్యం వస్తుంది.

నడక హిస్టన్ గ్రీన్ దగ్గర మొదలుపెట్టు. వాగు, గడ్డి, చుట్టూ ఇళ్లు ఉన్నాయే, అక్కడ. కారులో వెళ్లకు. అక్కణ్నుంచి సెయింట్ ఆండ్రూ చర్చి దగ్గరే. రెండు ఊళ్లకీ రెండు పాత చర్చిలున్నాయి, రెండింటి పేరూ సెయింట్ ఆండ్రూవే. ప్రాజెక్టులో బుజ్జిగాడు ఒకదాని ఫొటో పెట్టి ఇంకోదాని సంగతి రాయకుండా చూసుకో. అసలు ఈ రెండూ రెండు ఊళ్లని ఇప్పుడు చూస్తే తెలియదు, ఇళ్లు అంతగా కలిసిపోయాయి. కానీ 1086లో విలియం రాజు దేశమంతా భూముల లెక్క తీయించినప్పుడు, డూమ్స్‌డే అంటారే ఆ లెక్కలో, రెండూ వేర్వేరుగా నమోదయ్యాయి. ఇవాళ పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది, మాత్రం రెండింటికీ ఒకటే.

చర్చిలోకి వెళ్లడానికి నువ్వు మొహమాటపడతావని నాకు తెలుసు. వెళ్లు. చెప్పులు విప్పక్కర్లేదు, మతం మారమని ఎవరూ అడగరు. తలుపు తెరిచి ఉంటే ఎవరైనా లోపలికి వెళ్లి నిశ్శబ్దంగా చూసి రావచ్చు. హుండీ లాంటి డబ్బా ఒకటి ఉంటుంది, తోచింది వెయ్యి. ఆ పైకప్పు బాగుచేయించడం ఆ చర్చికి వచ్చే కొద్దిమంది నెత్తిమీదే ఉంటుంది. ఇంపింగ్టన్ చర్చి గోడ మీద 15వ శతాబ్దం నాటి బొమ్మ ఉంది, సెయింట్ క్రిస్టఫర్‌ది. ప్రయాణాలు చేసేవాళ్లని కాపాడతాడని ఆయన మీద నమ్మకం. బయల్దేరే ముందు ఆ బొమ్మని ఒకసారి చూసి వెళ్లేవాళ్లట. రోజూ దారిన పడే ఊరికి అంతకంటే తగిన బొమ్మ ఏముంటుంది చెప్పు. బుజ్జిగాడు దాన్ని చూసి తన చేత్తో గీస్తే ప్రాజెక్టుకి అదే మొదటి పేజీ.

హిస్టన్‌లో ఒకప్పుడు ఇంకో చర్చి కూడా ఉండేది, సెయింట్ ఎథెల్‌డ్రెడా పేరు మీద. 16వ శతాబ్దం చివర్లో అక్కడి భూస్వామి హైండ్ దాన్ని పడగొట్టించి, ఆ కలపా రాయీ తీసుకెళ్లి మ్యాడింగ్లీలో తన భవంతికి వాడుకున్నాడు. మ్యాడింగ్లీ హాల్ ఇప్పటికీ ఉంది, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ చేతిలో. ఒక ఆదివారం అటు కూడా తీసుకెళ్లు. ఊరి చరిత్రలో కొంత ఊరి బయట దొరుకుతుందని పిల్లాడికి కళ్లారా తెలియాలి.

సమాధి రాళ్ల దగ్గర ఒక జాగ్రత్త. అక్షరాలు కనిపించడం లేదని గోకడం, బ్రష్షుతో రుద్దడం, సుద్ద పూయడం చేయనివ్వకు. ఆ రాయి మెత్తగా ఉంటుంది, పైపొర ఊడొచ్చేస్తుంది. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు వెళితే అక్షరాలు వాటంతటవే తేలతాయి. మబ్బుగా ఉంటే ఫోన్ లైటు పక్క నుంచి పట్టి ఫొటో తీయి.

ఇక దారి మీద నడిచినవాళ్లలో బుజ్జిగాడికి నేను ముందుగా చెప్పాలనుకునేది ఎలిజబెత్ వుడ్‌కాక్ గురించి. ఇది వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఓ వింతగా చెప్పి వదిలేస్తారు. ఈమె ఇంపింగ్టన్ రైతు ఇల్లాలు. 1799 ఫిబ్రవరి 2న కేంబ్రిడ్జ్ సంతకి గుర్రం మీద వెళ్లింది. శనివారం సంతలో అమ్ముకుని, సరుకులు కొనుక్కుని, చీకటి పడ్డాక తిరుగు ప్రయాణమయింది. ఆ రాత్రి ఘోరమైన మంచు తుఫాను. గుర్రం దేన్నో చూసి బెదిరింది. ఆమె దిగి దాని వెంట నడిచి, అలిసిపోయి, ఇక అడుగు పడక ఒక పొద పక్కన కూలబడింది. తెల్లారేసరికి మంచు ఆమె చుట్టూ, పైనా పేరుకుపోయింది. దాదాపు ఎనిమిది రోజులు ఆ మంచు లోపలే ఉంది, తిండి లేకుండా. మంచులో ఒక కన్నం కనిపిస్తే పుల్లకి జేబురుమాలు కట్టి అందులోంచి బయటికి పెట్టింది. చుట్టుపక్కల చర్చి గంటలు వినిపించేవి, వాటిని బట్టి రోజులు లెక్కపెట్టుకుంది. దారిన పోయేవాళ్ల మాటలు కూడా వినిపించేవట, కానీ ఆమె కేక బయటికి వినిపించలేదు. ఫిబ్రవరి 10న ఒకతను ఆ రుమాలు చూశాడు. ప్రాణాలతో తీశారు. కానీ మంచుకి పాదాలు పాడైపోయాయి, కోలుకోలేక ఆ జులైలో చనిపోయింది. ఆ చోట గుర్తుగా రాయి నిలబెట్టారు.

ఇందులో పిల్లాడు గమనించాల్సింది ఆమె ఎంత గట్టిదో అన్నదొక్కటే కాదు. ఒక రైతు ఇల్లాలు మంచు పడేలా ఉన్నా ఎందుకు బయల్దేరింది? సంత రోజు పోతే అమ్మకం పోతుంది కాబట్టి. టౌన్ అయిదు కిలోమీటర్లే, కానీ ఆ అయిదు కిలోమీటర్లూ దాటితేనే చేతిలో డబ్బు. వాడు ఇప్పుడు బస్సులో పది పదిహేను నిమిషాల్లో దాటే దూరం అది. ఒక చల్లటి పొద్దున, వెలుతురున్నప్పుడే, వాడితో కలిసి ఆ దిక్కుగా కాసేపు నడువు. దూరం అంటే ఏంటో కాళ్లకి తెలుస్తుంది.

ఆ రోజుల్లో పొలాలు కూడా ఇప్పటిలా లేవు. పెద్ద పెద్ద ఉమ్మడి మైదానాలు, వాటిలో ఒక్కో రైతుకి అక్కడో పట్టీ ఇక్కడో పట్టీ. 19వ శతాబ్దం మొదట్లో పార్లమెంటు చట్టంతో వాటిని కొలిచి, కంచెలు వేసి, ఒక్కొక్కరికి ఒకేచోట ముక్కలు చేశారు. ఊరి బయట రోడ్లు కొన్ని గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి చూడు, అలాంటివి చాలావరకు ఆ సర్వేయర్లు గీసినవే. భూమి ఉన్నవాడికి మేలయింది. ఒక ఆవుని ఉమ్మడి గడ్డిలో మేపుకునే పేదవాడికి ఆ గడ్డి పోయింది. ఇది మన వైపు బంజర్లు, పోరంబోకు భూముల గొడవలు తెలిసినవాళ్లకి వేరే వివరించక్కర్లేదు. మీ తాతయ్యని వీడియో కాల్‌లో పెట్టి బుజ్జిగాడితో మాట్లాడించు, ఆయనకి చెప్పడానికి చాలా ఉంది.

1847లో రైలొచ్చింది, కేంబ్రిడ్జ్ నుంచి సెయింట్ ఐవ్స్‌కి. హిస్టన్‌లో స్టేషన్ పెట్టారు. ఊరి తలరాత మార్చింది అదే. స్టీఫెన్ చివర్స్ అనే పండ్ల రైతు ఆ రైలుని నమ్ముకుని తోటలు పెంచాడు. 1870 ప్రాంతంలో కొడుకుల్ని ఉత్తరాన బ్రాడ్‌ఫర్డ్‌కి పంపి అక్కడ పండ్లు అమ్మించాడు. కొడుకులు అక్కడ ఒకటి కనిపెట్టారు. తమ దగ్గర పండ్లు ఎక్కువగా కొంటున్నది జామ్ తయారుచేసేవాళ్లు. మరి ఆ జామేదో మనమే ఎందుకు చేయకూడదని తండ్రిని ఒప్పించారు. 1873లో పంట విరగకాసింది. ఇంపింగ్టన్‌లో ఒక కొట్టంలో తొలి జామ్ వండారు. రెండేళ్లకే, 1875లో, స్టేషన్ పక్కన ఫ్యాక్టరీ లేచింది. రెండో ప్రపంచయుద్ధం నాటికి వాళ్లకి దాదాపు 8,000 ఎకరాలు, పనివాళ్లు మూడు వేల దాకా.

నాకు ఈ భాగం చాలా ఇష్టం. పల్లె పండ్లు పండించి ఊరుకుంటే లాభమంతా టౌన్‌ది, దళారీది. ఇక్కడ పల్లె తన పండుని తనే డబ్బాలో పెట్టి దేశం మొత్తానికి పంపింది, కేంబ్రిడ్జ్‌ని దాటించి. ఒక తరంలో ఇంత మార్పంటే మాటలు కాదు. మన మామిడి రైతులూ టమాటా రైతులూ ప్రతి సంవత్సరం పడే అవస్థ చూస్తే ఆ కొడుకుల బుద్ధి ఎంత గొప్పదో నీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

చివర్స్ కంపెనీ 1959లో ష్వెప్స్ అనే కూల్‌డ్రింకుల కంపెనీ చేతికి వెళ్లింది. తర్వాత ఇంకా చేతులు మారింది. పాత ఫ్యాక్టరీ కట్టడాలు పోయి ఆ స్థలంలో ఆఫీసులు లేచాయి, విజన్ పార్క్ అంటారు. కానీ జామ్ ఆగలేదు. వెనక కట్టిన కొత్త ఫ్యాక్టరీలో హార్ట్‌లీస్ జామ్ తయారవుతుంది. నీ ఫ్రిజ్‌లో ఉంటే సీసా తిప్పి చూడమను బుజ్జిగాణ్ణి.

ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్ల పిల్లలూ ఉన్నారు. నువ్వు తొందరపడాల్సింది ఇక్కడే. కాగితాలు ఎక్కడికీ పోవు, మనుషులు పోతారు. చర్చి హాల్లో, లైబ్రరీలో కాఫీ టీలకి కలుసుకునే పొద్దులు ఉంటాయి, నోటీసు బోర్డు మీద రాస్తారు. బుజ్జిగాణ్ణి తీసుకుని సెలవుల్లో వెళ్లు. వెళ్లగానే చరిత్ర చెప్పమని అడిగితే "నాకేం తెలుసు, నేనేం చదువుకోలేదు" అంటారు. మన ముసలాళ్లూ అదే అంటారుగా. అందుకని వస్తువు గురించి అడుగు. స్ట్రాబెరీల సీజన్‌లో ఊళ్లో ఏం వాసన వచ్చేది? జీతం కవరులో ఇచ్చేవాళ్లా? సైకిళ్లు ఎక్కడ పెట్టేవాళ్లు? చేతులకి ఎర్ర రంగు ఎన్నాళ్లు పోయేది కాదు? ఒక్క వాసన గురించి అడిగితే గంట చెప్తారు. ఫోన్‌లో రికార్డ్ చేయాలంటే ముందే అడుగు, వద్దంటే మానెయ్. వాళ్లు చెప్పిన పేర్లు ప్రాజెక్టులో పెట్టే ముందు కూడా అడుగు. తర్వాత రాసింది తీసుకెళ్లి చూపించు. అది చూపించకపోతే మళ్లీ నీకు ఎవరూ చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా.

పలకరింపుల సంగతి ఇక్కడే రాసేస్తాను. వాళ్లు పలకరించకపోవడం పొగరు కాదు, నిన్ను ఇబ్బంది పెట్టకూడదని. మన దగ్గర పక్కింట్లో దిగిన రోజే "ఏ ఊరు, ఎవరి తాలూకు, జీతమెంత" అని అడిగేస్తారు. అక్కడ మొదటి అడుగు కొత్తవాళ్లు వేయాలని ఎదురుచూస్తారు. వేయడం కష్టమేం కాదు. ఈ వారం నల్ల డబ్బానా, నీలం డబ్బానా అని చెత్తబుట్ట గురించి అడుగు. ఎన్నో స్నేహాలు చెత్తబుట్టల దగ్గరే మొదలవుతాయి. పొలం గట్ల మీద నడిచేటప్పుడు ఎదురైనవాళ్లకి "మార్నింగ్" చెప్పు, అక్కడ చెప్పకపోతేనే వింతగా చూస్తారు. పసుపు బాణం గుర్తున్న దారుల్లో నడిచే హక్కు నీకు చట్టప్రకారం ఉంది, పొలం ఎవరిదైనా సరే. దారి వదిలి పైరులోకి మాత్రం దిగకండి, గేటు ఎలా ఉంటే అలాగే వదలండి.

ఇప్పుడు స్కూలు. బుజ్జిగాడు పదకొండేళ్లకి వెళ్లబోయే ఇంపింగ్టన్ విలేజ్ కాలేజీ బిల్డింగ్‌ని నువ్వు బయట నుంచి చూసి "పాత స్కూల్లా ఉంది" అన్నావు. దాన్ని చూడడానికి ఆర్కిటెక్టులు దేశాలు దాటి వస్తారు. 1939లో తెరిచారు. గీసినవాళ్లు వాల్టర్ గ్రోపియస్, మ్యాక్స్‌వెల్ ఫ్రై. గ్రోపియస్ జర్మనీలో బౌహౌస్ అనే ప్రసిద్ధమైన కళల స్కూలు పెట్టిన మనిషి. నాజీల పాలనలో ఉండలేక 1934లో ఇంగ్లండ్ వచ్చాడు, మూడేళ్లకే అమెరికా వెళ్లిపోయాడు. ఆ కొద్ది కాలంలో ఇంగ్లండ్‌లో ఆయన వదిలివెళ్లిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మీ ఊళ్లో ఉంది. మ్యాక్స్‌వెల్ ఫ్రై ఆ తర్వాత మన దేశమే వచ్చాడు. 1950లలో చండీగఢ్ కట్టేటప్పుడు ఆర్కిటెక్ట్ లె కార్బూజియేతో కలిసి పనిచేసినవాళ్లలో ఆయనా, ఆయన భార్య జేన్ డ్రూ ఉన్నారు. ఇది బుజ్జిగాడికి చెప్పు. క్లాసులో వాడు ఒక్కడే చెప్పగలిగిన మాట అవుతుంది.

బిల్డింగ్ కంటే దాని వెనక ఆలోచన గొప్పది. హెన్రీ మోరిస్ అని కేంబ్రిడ్జ్‌షైర్ జిల్లా చదువుల అధికారి ఒకాయన ఉండేవాడు. పల్లె పిల్లలు కాస్త చదువుకోగానే టౌన్‌కి వెళ్లిపోవడం, పల్లెలో సాయంత్రాలు చేయడానికి ఏమీ లేకపోవడం ఆయన్ని బాధపెట్టింది. 1924లో ఒక ప్రతిపాదన రాశాడు. పొద్దున పిల్లలకి బడి, సాయంత్రం అదే చోట పెద్దవాళ్లకి తరగతులు, లైబ్రరీ, హాలు, నాటకాలు, మీటింగులు. చదువు పుట్టినప్పటి నుంచి పోయేదాకా సాగాలన్నది ఆయన పట్టుదల. మొదటిది 1930లో సాస్టన్‌లో వచ్చింది, తర్వాత బాటిషమ్, లింటన్, ఆ తర్వాత మీది. ఇంపింగ్టన్‌లో స్థలం చివర్స్ కుటుంబం ఇచ్చింది. అంటే జామ్ డబ్బు బడిగా మారింది. ఆ స్థలం ఇంపింగ్టన్ హాల్ అనే జమీందారీ భవంతి ఆవరణలోది, ఆ భవంతి ఒకప్పుడు పెపీస్ కుటుంబానిది. తన డైరీతో పేరు పొందిన శామ్యూల్ పెపీస్ 1661లో అక్కడి బంధువుల్ని చూడడానికి వచ్చి వెళ్లాడు.

నువ్వు ఒకసారి సాయంత్రం అక్కడ ఏదైనా తరగతిలో చేరు. కుండలు చేయడమో, కుట్టుపనో ఏదో ఒకటి. నేర్చుకునేది ఏదైనా పర్లేదు. పక్కన కూర్చునేవాళ్లు ముఖ్యం. ఇరవై వారాలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇంగ్లీషువాళ్లు కూడా మన పెళ్లిళ్ల గురించి అడుగుతారు.

అల్లుడికి ఈ పాత కట్టడాల మీద ఆసక్తి ఉండకపోవచ్చు, ఆయనకి ఫుట్‌బాల్ కథ చెప్పు. 2008 నవంబర్ 30న ఎఫ్.ఏ. కప్‌లో, అంటే ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులూ చిన్న క్లబ్బులూ కలిసి ఆడే పోటీలో, హిస్టన్ జట్టు లీడ్స్ యునైటెడ్‌ని 1-0తో ఓడించింది. లీడ్స్ అంటే 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడిన క్లబ్. హిస్టన్ ఆటగాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగాలు. వాన, బురద, టీవీ కెమెరాలు. ఆ రోజు గురించి పబ్‌లో ఎవరినైనా అడిగితే చాలు. పబ్‌కి వెళ్తే తాగాలని లేదు, జ్యూస్ తీసుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. ఇప్పుడు ఆ జట్టు చిన్న లీగుల్లో ఉంది, టికెట్ తక్కువ, పిల్లాణ్ణి తీసుకెళ్లడానికి మంచి చోటు.

కాగితాల దగ్గరికి వద్దాం. జనాభా లెక్కలు అక్కడ 1801 నుంచి పదేళ్లకోసారి తీస్తున్నారు. మనుషుల పేర్లతో సహా 1841 నుంచి దొరుకుతాయి. వందేళ్లు దాటితే గానీ బయటపెట్టరు, అందుకే 1921వి 2022లో వచ్చాయి. 1931వి మంటల్లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల తీయనే లేదు. బుజ్జిగాడికి 1911 చూపించు. అది ఇంటి పెద్ద స్వయంగా నింపిన కాగితం, వాళ్ల చేతిరాత అలాగే ఉంటుంది. ఊరంతా వద్దు. ఒక్క వీధి తీసుకోండి, మీ నడక దారిలో పాత ఇళ్లున్న వీధి ఏదైనా. 1851లో ఆ వీధివాళ్లు ఏం పని చేసేవాళ్లు, 1911లో ఏం చేసేవాళ్లు, రెండు వరుసలు పక్కపక్కన రాయమను. పొలం పని నుంచి ఫ్యాక్టరీ పనికి ఊరు ఎలా కదిలిందో వాడి కళ్లకే కనిపిస్తుంది. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఈ వెబ్‌సైట్లు ఉచితంగా చూడనిస్తారు, ఇంట్లో డబ్బు కట్టే ముందు లైబ్రరీలో అడుగు.

పాత మ్యాపులు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో ఉచితం. స్కాట్లాండ్ అని పేరు చూసి వదిలేయకు, ఇంగ్లండ్ మ్యాపులూ అందులో ఉన్నాయి. పాత మ్యాపు మీద ఇప్పటి మ్యాపు పెట్టి, మీ ఇల్లున్న చోట ఒకప్పుడు ఏముందో చూడండి. తోట తేలే అవకాశం ఎక్కువ. పాత ఫొటోలకీ, పేపర్లకీ కేంబ్రిడ్జ్ సెంట్రల్ లైబ్రరీలో కేంబ్రిడ్జ్‌షైర్ కలెక్షన్ అని ప్రత్యేక విభాగం ఉంది. అసలు దస్తావేజులు కావాలంటే ఈలీ అనే ఊళ్లో జిల్లా ఆర్కైవ్స్, అంటే పాత రికార్డులు దాచే చోటు, ఉంది. అక్కడికి ముందుగా చెప్పి వెళ్లాలి. పెన్ను తీసుకెళ్లకు, పెన్సిలే వాడనిస్తారు. చర్చి పుస్తకాల్లో పెళ్లిళ్లు, బాప్టిజాలు, అంత్యక్రియలు రాయడం 1538లో మొదలైంది. ఆ చేతిరాత పెద్దవాళ్లకే చదవడం కష్టం, పిల్లాడికి దూరం నుంచి చూపిస్తే చాలు.

స్టేషన్ దగ్గర ఆఖరి మజిలీ పెట్టుకోండి. ప్రయాణికుల రైళ్లు 1970లో ఆగిపోయాయి. ఆ పట్టాల దారినే కాంక్రీటు వేసి 2011లో బస్‌వే, అంటే బస్సులకే ప్రత్యేకమైన దారి, చేశారు. అల్లుడు రోజూ ఆఫీసుకి వెళ్లే బస్సు స్ట్రాబెరీలు వెళ్లిన దారిలోనే వెళుతుంది. బుజ్జిగాడి ప్రశ్నకి జవాబు అక్కడ పూర్తవుతుంది.

యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకోవడానికి యుద్ధ స్మారకం దగ్గర నవంబర్‌లో ఒక ఆదివారం ఊరంతా చేరుతుంది. మీరూ వెళ్లండి, ముదురు రంగు బట్టలు వేసుకుని. మొదటి ప్రపంచయుద్ధంలో అప్పటి మన దేశం నుంచి పది లక్షలకు పైగా సైన్యంలో పనిచేశారు. మనం అక్కడ నిలబడడం ఎవరి దయా కాదు. పక్కన నిలబడ్డవాళ్లకి ఈ సంగతి తెలియకపోతే మెల్లగా చెప్పు, శ్రద్ధగా వింటారు.

జులైలో ఫీస్ట్ వారం వస్తుంది, ఊరి జాతర అనుకో. చూడడానికి వెళ్లేవాళ్లు చాలామంది, కుర్చీలు సర్దేవాళ్లు తక్కువ. నువ్వు కుర్చీలు సర్దే వైపు ఉండు. ఒక నెల ముందే వెళ్లి ఏదైనా పని ఉందా అని అడిగితే చాలు. గారెలు వండి పట్టుకెళ్లాలని ఆత్రపడకు, మొదటి ఏడాది వాళ్లు చెప్పిన పని చెయ్యి. రెండో ఏడాది గారెలు వాళ్లే అడుగుతారు.

ఇంకొకటి, పెరడు చిన్నదని బాధపడ్డావు. ఊళ్లో అలాట్‌మెంట్లు ఉన్నాయి, ఏడాదికి కొద్ది అద్దెకి కూరగాయలు పండించుకునే ముక్కలు. పూర్తి ముక్క అంటే రమారమి 250 చదరపు మీటర్లు, మొదటిసారికి సగం ముక్క అడుగు, పూర్తిది నీ వల్ల కాదు. ఉమ్మడి భూములు పోయిన పేదవాళ్లకి ఏదో ఒక ముక్క ఇవ్వాలన్న పోరాటం నుంచి వచ్చాయి ఇవి, అందుకే చట్టం వాటిని కాపాడుతుంది. ఖాళీ వెంటనే దొరకకపోవచ్చు, ఈ వారమే పేరు రాయించు. దొరికాక కొత్తిమీర, మెంతికూర, చుక్కకూర బాగా వస్తాయి. గోంగూరకి అక్కడి ఎండ చాలదు, గ్లాస్‌హౌస్ ఉంటే తప్ప ఆశ పెట్టుకోకు. మే మధ్య వరకు మంచు భయం ఉంటుంది కాబట్టి బీర, సొర మొక్కలు అంతకుముందు బయట పెట్టకు. ఒక అంచున స్వీట్ పీ పూలు కూడా వెయ్యి. 1903లో హిస్టన్‌లోనే మొదలైన అన్విన్స్ విత్తనాల కంపెనీకి పేరు తెచ్చినవి ఆ పూలే. పేరు చూసి బఠాణీ అనుకుని బుజ్జిగాడు నోట్లో పెట్టుకోకుండా చూడు, ఆ గింజలు విషం.

అలాట్‌మెంట్ అప్లికేషన్ పారిష్ కౌన్సిల్ ఆఫీసులో అడిగితే ఇస్తారు. ప్రాజెక్టు ఇచ్చాక వాడు రాసింది నాకు ఫొటో తీసి పంపించు, తప్పులు దిద్దకుండా.

మీ
పెద్దమ్మ